సాఫ్ట్‌వేరు చందాలు, సీట్ల లెక్క: సంఘములు తెలిసికొనవలసిన సంగతులు

మగ్గము లెక్కన సొమ్ము కట్టుట మన వృత్తికి కొత్త గాదు. కన్నడ శాసనములలో ‘మగ్గదెరె’ యనియు, తమిళ శాసనములలో ‘తఱి ఇఱై’ యనియు కనవచ్చునది మగ్గముపై వేసిన పన్నే. మద్రాసు రాజధానిలో మొతర్ఫా అను పేర చేతివృత్తులవారిపైనను, వారి మగ్గములపైనను వేసిన పన్ను 1853లో రద్దయినది. ఇప్పుడు మన సంఘముల ఆఫీసులలోనికి మరియొక తలసరి లెక్క వచ్చి చేరినది. ఇది సర్కారు వేసినది కాదు, మనము కోరి తెచ్చుకొన్నది. సాఫ్ట్‌వేరు కంపెనీలవారు దీనిని ‘సీటు’ అందురు.

పద్దులు వ్రాయుటకు, ఉత్తర ప్రత్యుత్తరములకు, జాకార్డు నమూనాలు గీయుటకు, అమ్మకపు బిల్లులు వేయుటకు నేడు సంఘములు వాడు సాఫ్ట్‌వేరులో అధిక భాగము చందాకు దొరకునదే. బిల్లు వచ్చును, కార్యదర్శి చెల్లించును, లెక్కలలో ‘కంప్యూటరు ఖర్చులు’ అను పద్దు క్రింద అది చేరిపోవును. ఎన్ని సీట్లు, ఎవరి పేర, ఏ తేదీ వరకు అని అడుగువారు అరుదు. నూలు కండె ఒకటి తక్కువైన వెదకు మనము, ఎవ్వరును కూర్చుండని సీటుకు ఏండ్ల తరబడి సొమ్ము కట్టుట న్యాయము కాదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే: మనిషిని తొలగించుట వేరు, సీటును తగ్గించుట వేరు. తక్కిన సంగతులన్నియు దీనిని ఆశ్రయించియే యుండును.

కొనుగోలు పోయి చందా వచ్చుట

మనవారందరు ఎరిగిన టాలీ సంగతి మొదట చెప్పుదము. 1986లో బెంగళూరున దీనికి మూలమైన కంపెనీని స్థాపించిన శ్రీ శ్యామ్ సుందర్ గోయెంకా బట్టల మిల్లులకు, ఇతర కర్మాగారములకు ముడిసరకులు, యంత్రభాగములు సరఫరా చేయు వర్తకులు. తమ పద్దులకు తగిన సాఫ్ట్‌వేరు దొరకక, గణితము చదివిన తమ కుమారుడు శ్రీ భరత్ గోయెంకాచే దానిని తయారు చేయించిరి. బట్టల వ్యాపారపు అవసరము నుండి పుట్టిన ఈ సాధనము నేటికిని రెండు విధముల దొరకుచున్నది. మొదటిది శాశ్వత లైసెన్సు. ఒకసారి కొన్నచో అది మనదే. ఏటేట కట్టు సేవా రుసుము ఆపినను పాత సాఫ్ట్‌వేరు పనిచేయుచునే యుండును. క్రొత్త మార్పులు, దూరమునుండి పద్దులు చూచుకొను వసతి మాత్రము ఆగిపోవును. రెండవది అద్దె లైసెన్సు. గడువు తీరినచో పని సాగదు. కొనుటకు ముందు ఈ రెంటిలో ఏది తీసికొనుచున్నామో కార్యవర్గము తీర్మానములో స్పష్టముగా వ్రాయవలెను.

అమెరికాలోని అడోబీ కంపెనీవారు బొమ్మలు, నమూనాలు గీయు తమ సాఫ్ట్‌వేరును మొదట పెట్టెలలో పెట్టి అమ్ముచుండిరి. 2013 మే నెలలో ఇకపై క్రొత్త రకములు చందాకే ఇచ్చెదమని ప్రకటించిరి. అప్పుడు ఆ కంపెనీకి అధిపతిగా నున్నవారు మన హైదరాబాదులో జన్మించిన శ్రీ శంతను నారాయణ్. మైక్రోసాఫ్టువారు ఆఫీస్ 365 చందాను 2011లోనే ప్రారంభించిరి. ఏటేట తప్పక వచ్చు రాబడి కంపెనీలకు లాభము. ఒకేసారి పెద్ద మొత్తము పెట్టనక్కరలేకపోవుట చిన్న సంఘములకు లాభము. కాని కొన్న వస్తువు మూలనున్నచో ఖర్చు లేదు. చందా వస్తువు మూలనున్నను బిల్లు వచ్చుచునే యుండును. ఈ భేదము మరువరాదు.

సీటు అనగానేమి?

సీటు అనగా ఒక వాడుకరికి గల హక్కు. దీనిని లెక్కించు విధములు మూడు.

మొదటిది పేరు మీది సీటు. ఇది మన పాసుపుస్తకము వంటిది. ఎవరి పేర వ్రాసిరో వారే వాడవలెను. ఈమెయిలు, ఇంటర్నెట్టుపై నడచు పద్దుల సాఫ్ట్‌వేరు సాధారణముగా ఈ తరగతిలోనివి. ఒకరు మానుకొన్నచో అడ్మిన్ అధికారము గలవారు ఆ సీటును మరియొకరి పేరునకు మార్చవచ్చును.

రెండవది యంత్రము మీది సీటు. ఇది గుంట మగ్గము వంటిది. కూర్చున్నది తండ్రి అయినను, కొడుకు అయినను మగ్గము ఒక్కటే. టాలీలో సిల్వర్ అను రకము ఒక కంప్యూటరునకు. గోల్డ్ అను రకము ఒకే ఆఫీసులో తీగతో కలిపిన ఎన్ని కంప్యూటర్లకైనను చెల్లును. కనుక అక్కడ తలల లెక్క లేదు. నమూనాలు గీయు సాఫ్ట్‌వేరులో కొన్నింటికి డోంగిల్ అను చిన్న తాళపుచెవి ఇత్తురు. అది ఏ కంప్యూటరునకు తగిలించిన ఆ కంప్యూటరులోనే పని జరుగును. అది పోయినచో లైసెన్సు పోయినట్లే గనుక, దానిని ఇనుప పెట్టెలో భద్రపరచవలెను.

మూడవది వంతుల సీటు. సంఘములో ఒకే పడుగు యంత్రమును పదిమంది వంతులవారీగా వాడుకొన్నట్లు, ఒకే సమయమున ఇంతమంది మాత్రమే లోపల నుండవచ్చునని నియమము. పేర్లు ఎన్నియైన నుండవచ్చును. ఒక్కసారిగా వాడువారి సంఖ్యయే లెక్క.

బిల్లు చేతికి వచ్చినప్పుడు ఈ మూటిలో మనది ఏదో ముందు తేల్చుకొనవలెను. యంత్రము మీది లైసెన్సునకు మనుషుల జాబితా చూపి తగ్గించుమని అడిగిన ప్రయోజనము లేదు.

బిల్లు చదువు విధము

మన జిల్లాలోని కోలారు బంగారు గనులకు 1902లో శివనసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్ల తీగలమీదుగా విద్యుచ్ఛక్తి వచ్చినది. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి గాని, కరెంటు బిల్లు చదువుట మనకు అలవాటైనది. అందులో స్థిర రుసుమొకటి, కాల్చిన యూనిట్లకు రుసుమొకటి యుండును. దీపము వేయకున్నను స్థిర రుసుము తప్పదు. సీటు చందా ఈ స్థిర రుసుము వంటిది. నెలలో ఒక్క రోజు వాడినను, ముప్పది రోజులు వాడినను, అసలు వాడకున్నను మొత్తము ఒక్కటే.

బిల్లులో చూడవలసినవి ఇవి: సీట్ల సంఖ్య, సీటుకు ధర, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, నెలవారీ ఒప్పందమా వార్షిక ఒప్పందమా, పన్ను, రెన్యూయల్ తేదీ. అన్నిటికంటె రెన్యూయల్ తేదీ ముఖ్యము.

ఒప్పందములు రెండు తెరగులు. నెలవారీ ఒప్పందములో సీట్లను ఎప్పుడైనను పెంచవచ్చును, తగ్గించవచ్చును. ధర కొంత ఎక్కువ. వార్షిక ఒప్పందములో ధర తక్కువ. మధ్యలో సీట్లు పెంచుకొనవచ్చును గాని తగ్గించుట సాధారణముగా రెన్యూయల్ సమయముననే. గూగుల్ వర్క్‌స్పేస్ చందాలు ఈ రెండు తెరగులను అమ్ముచున్నవి. మైక్రోసాఫ్టువారి వ్యాపార చందాలలో 2022 నుండి వచ్చిన పద్ధతి ప్రకారము, కొన్న లేక రెన్యూ అయిన 7 దినములలోపల సీట్లు తగ్గించుకొనవచ్చును. ఆ గడువు దాటిన గడువుకాలము ముగియువరకు తగ్గింపు లేదు. ఒకటి గమనింపుడు: సొమ్ము నెలనెల కట్టుచున్నంత మాత్రమున అది నెలవారీ ఒప్పందము కాదు. వార్షిక ఒప్పందమునకే నెలనెల వాయిదాలు కట్టు ఏర్పాటు గలదు. మధ్యలో మానినచో నష్టపరిహారము అడుగవచ్చును. అడోబీవారి ఇట్టి ఒప్పందములో మొదటి సంవత్సరము మధ్యలో మానుకొన్నవారిపై మిగిలిన వాయిదాలలో సగము వేయుచున్నారనియు, ఆ సంగతి కొనునప్పుడు స్పష్టముగా తెలుపలేదనియు ఆరోపించుచు 2024 జూన్‌లో అమెరికా వ్యాపార కమిషనువారు దావా వేసిరి.

ఒక లెక్క చూతము. ఇందలి ధరలు మేము ఉదాహరణకు వేసినవే గాని ఏ కంపెనీవి గావు. సీటు ఒకటికి వార్షిక ఒప్పందమున నెలకు రూ. 250, నెలవారీ ఒప్పందమున రూ. 300 అనుకొందము. ఏడాదికి వార్షిక సీటు రూ. 3,000. నెలవారీ సీటునకు ఆ మొత్తము 10 నెలలలో పూర్తియగును. కావున 10 నెలలకు మించి అవసరమగు సీటునకు వార్షికము, తక్కువ అవసరమగు సీటునకు నెలవారీ మేలు. సంఘములో 6గురు స్థిర సిబ్బంది, దసరా దీపావళి అమ్మకములకు 3 నెలలపాటు మరి ఇద్దరు అవసరమనుకొందము. ఎనిమిదింటిని వార్షికముగా తీసికొన్న రూ. 24,000. ఆరు వార్షికము, రెండు నెలవారీ తీసికొన్న 18,000కు 1,800 కలిపి రూ. 19,800. తేడా రూ. 4,200, 18 శాతము పన్నుతో రూ. 4,956. రెండు తెరగులను ఒకే ఖాతాలో కలుపుటకు అన్ని కంపెనీలు ఒప్పుకొనవు. ముందుగా అడిగి తెలిసికొనవలెను.

నెల మధ్యలో సీటు చేర్చినప్పుడు బిల్లు వింతగా కనబడును. ముప్పది దినముల నెలలో 16వ తేదీన రూ. 250 సీటు చేర్చిన 15 దినములకు రూ. 125 పడును. ఇది చాల చోట్ల తరువాతి బిల్లులో ఆ నెల చందాతో కలిసి వచ్చును. కనుక ఆ బిల్లులో ఒకే సీటు రెండు వరుసలలో కనబడును. అది దొంగలెక్క కాదు, దినముల లెక్క. తేదీలు సరిచూచుకొన్న తెలిసిపోవును.

మనిషి పోయినను సీటు పోదు

పొరపాట్లు అధికముగా జరుగు చోటు ఇదియే. గుమాస్తా ఒకరు పని మానిరి. కార్యదర్శి వారి ఖాతా తొలగించిరి. ఇక బిల్లు తగ్గునని అందరు తలచిరి. నెలవారీ ఒప్పందమైనచో కొన్ని కంపెనీలలో నిజముగనే తగ్గును. వార్షిక ఒప్పందములో తగ్గదు. మగ్గముపై నేతగాడు లేచిపోయెను. మగ్గము షెడ్డులోనే యున్నది. ఆ ఖాళీ సీటును మరియొకరికి ఇయ్యవచ్చును, లేదా రెన్యూయల్ నాటికి సంఖ్యను తగ్గింపవచ్చును. రెండును చేయకున్న రెన్యూయల్ తనంతట తానే పాత సంఖ్యతో జరిగిపోవును. పై ధరలోనే రెండు ఖాళీ సీట్లకు ఏడాదికి రూ. 6,000, పన్ను రూ. 1,080, వెరసి రూ. 7,080 వృథా.

ఇంకొక సూక్ష్మము గలదు. కొందరు ఖాతాను తొలగింపక ‘సస్పెండు’ చేసి ఊరకుందురు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో సస్పెండు చేసిన ఖాతాకును చందా పడుచునే యుండును.

అట్లని తొందరపడి ఖాతా తుడిచివేయరాదు. నమూనాలు గీయు పనివాని ఖాతాలో సంఘపు చీరల అంచులు, కొంగులు, బుటాల ఫైళ్ళుండును. వర్తకులతో జరిగిన ఉత్తరములుండును. అవి సంఘపు ఆస్తి. గూగుల్‌లో తొలగించిన ఖాతాను 20 దినములలోపల, మైక్రోసాఫ్టులో 30 దినములలోపల మాత్రమే తిరిగి తెచ్చుకొనవచ్చును. ఆ పిమ్మట అవి దొరకవు. కావున వరుస ఇది: మొదట పాస్‌వర్డు మార్చవలెను, తరువాత ఫైళ్ళను సంఘపు ఖాతాకు మార్చవలెను, తరువాత ఖాతా తొలగింపవలెను, చివరకు సీట్ల సంఖ్య తగ్గింపవలెను. ఈ నాలుగును నాలుగు వేరు పనులు.

పన్ను వరుస

సాఫ్ట్‌వేరు చందాపై జి.ఎస్.టి. 18 శాతము. అది ఏ రూపమున వచ్చునో అమ్మినవారి రాష్ట్రమును బట్టి యుండును. తమక బెంగళూరు చెన్నై రహదారిమీది ఊరు. ఈ దారిన పడమటగా పోయి బెంగళూరు కంపెనీ వద్ద చందా తీసికొన్నచో, ఇద్దరును కర్ణాటకలోనివారే గనుక బిల్లులో 9 శాతము కేంద్ర పన్ను, 9 శాతము రాష్ట్ర పన్ను అని రెండు వరుసలుండును. తూర్పుగా పోయి చెన్నై కంపెనీ వద్ద తీసికొన్నచో 18 శాతము ఐ.జి.ఎస్.టి. అని ఒకే వరుస యుండును. మొత్తము ఒక్కటే. కాని బిల్లుపై మన జి.ఎస్.టి. నంబరు లేకున్న, లేదా తప్పుగా నున్న, ఆ పన్నును మనము జమ తీసికొనలేము. భారతదేశమున శాఖ లేని విదేశీ కంపెనీవద్ద నంబరు ఇచ్చి కొన్నప్పుడు వారు పన్ను వేయరు. ఆ పన్నును మనమే చెల్లించి జమ తీసికొనవలెను. రిజిస్ట్రేషను లేని చిన్న సంఘమునకు జమ లేదు. వారికి 18 శాతము నేరుగా ఖర్చే.

చేనేత బట్టపై పన్ను 5 శాతము, సాఫ్ట్‌వేరుపై 18 శాతము గనుక జమ పేరుకొనిపోవు సంఘములు గలవు. పేరుకొన్న జమలో సరకులపై కట్టిన పన్నును తిరిగి అడుగవచ్చును గాని, సేవలపై కట్టిన పన్నును అడుగరాదని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టువారు తీర్పునిచ్చిరి. చందా సేవయే. అనగా అనవసరపు సీటుమీది పన్నుకూడ ఆ జమలో చిక్కుకొనును.

తనంతట తానే జరుగు కోత

చందాలు చాలవరకు కార్డునుండి తమంతట తామే కోయబడును. రిజర్వుబ్యాంకువారి నియమములు 2021 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. కోతకు 24 గంటల ముందు ఖాతాదారునకు కబురు పంపవలెను. మొత్తము రూ. 5,000కు మించిన ప్రతిసారి ఓ.టి.పి. ద్వారా అంగీకారము కావలెనని మొదట పెట్టి, 2022 జూన్‌లో ఆ పరిమితిని రూ. 15,000కు పెంచిరి.

ఇది మంచి రక్షణ. అయితే ఆ కబురు ఎవరి ఫోనుకు వచ్చుచున్నది? సహకార సంఘపు కార్యవర్గము 5 సంవత్సరములకు మారును; కార్యదర్శి అంతకంటె ముందే మారవచ్చును. పాత కార్యదర్శి స్వంత ఈమెయిలుతో చందా తెరచి, స్వంత ఫోను నంబరు ఇచ్చియున్నచో, కబురు వారికి పోవును, సొమ్ము సంఘమునుండి పోవును. పెద్ద మొత్తమైన ఓ.టి.పి. అందక చెల్లింపు నిలిచి, ఆడిటు నాడే సాఫ్ట్‌వేరు ఆగిపోవును. అడ్మిన్ ఖాతా వారి పేరనే యున్న, క్రొత్తవారు సీటు పెంచలేరు, తగ్గింపలేరు. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు, ఏర్పాటులోనే లోపమున్నది. కార్డు రద్దుచేసిన చందా రద్దయినట్లు కాదని కూడ తెలియవలెను. ఒప్పందము నిలిచియున్నంతకాలము బాకీ నిలిచియుండును.

ఒక సీటు, నలుగురు వాడుట

ఖర్చు తగ్గించుటకు ఒకే పాస్‌వర్డుతో నలుగురు పనిచేయు ఆచారము పలుచోట్ల గలదు. పేరు మీది సీటు విషయమున ఇది ఒప్పందమునకు విరుద్ధము. అంతకంటె పెద్ద నష్టము మన లెక్కలకే. రసీదు ఎవరు దిద్దిరి, నూలు నిల్వ ఎవరు మార్చిరి అని అడిగినప్పుడు సాఫ్ట్‌వేరు ఒక్క పేరే చూపును. తప్పు చేసినవాడు తప్పించుకొనును, పేరున్నవాడు చిక్కుకొనును. నేతగాండ్రు ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడినచోట్ల, మార్పుల జాడను నమోదుచేయు సాఫ్ట్‌వేరునే వాడవలెనని 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీల నియమమున్నది. అందరును ఒకే పేరుతో లోపలికి పోయిన ఆ జాడకు విలువ లేదు. సొమ్ము వసూలుచేయువారికి, పద్దు వ్రాయువారికి వేరు సీట్లుండవలెను. లెక్క చూచుటకు మాత్రమే వచ్చువారికి కొన్ని కంపెనీలు తక్కువ ధరకో, ఉచితముగనో సీటు ఇచ్చుచున్నవి. కొనుటకు ముందు అడుగవలెను.

సంఘములు చేయవలసిన పనులు

1. చందా ఖాతాలను సంఘపు ఈమెయిలుతోనే తెరవవలెను. వ్యక్తుల స్వంత ఈమెయిలు పనికిరాదు.

2. అడ్మిన్ అధికారము ఇద్దరికి ఉండవలెను. ఒకరు కార్యదర్శి, రెండవవారు అధ్యక్షులు లేక కోశాధికారి.

3. సీట్ల రిజిస్టరు ఒకటి పెట్టవలెను. మగ్గముల రిజిస్టరువలె ఇందు వరుస సంఖ్య, సాఫ్ట్‌వేరు పేరు, సీటు ఎవరిది, ఇచ్చిన తేదీ, తీసికొన్న తేదీ, రెన్యూయల్ తేదీ, ధర వ్రాయవలెను. నోటుపుస్తకము చాలును.

4. రెన్యూయల్‌కు 30 దినముల ముందు జరుగు కార్యవర్గ సమావేశములో ఆ రిజిస్టరు చదివి, వచ్చే ఏటికి ఎన్ని సీట్లో తీర్మానింపవలెను. తగ్గింపును ఆ తేదీకి ముందే ఖాతాలో నమోదు చేయవలెను.

5. ఉద్యోగి మానినచో జీతపు లెక్క తీర్చు దినముననే సీటు లెక్కయు తీర్చవలెను.

6. కార్యదర్శి మారినప్పుడు చార్జి పట్టికలో తాళపుచెవులు, చెక్కుబుక్కులతోపాటు అడ్మిన్ పాస్‌వర్డు, డోంగిల్, కార్డుకు కట్టిన ఫోను నంబరు చేర్చి, ఉభయులు సంతకములు చేయవలెను.

7. ప్రతి బిల్లుపై సంఘపు జి.ఎస్.టి. నంబరు సరిచూడవలెను.

ఈ పనులకు కంప్యూటరు పాండిత్యము అక్కరలేదు. పడుగు పోగులు లెక్కపెట్టగలవారు సీట్లు లెక్కపెట్టలేకపోరు. ఇది మనవారు ప్రతిదినము చూపు జాగ్రత్తయే. చూపవలసిన చోటు మాత్రము క్రొత్తది. మీ సంఘపు ఇటీవలి బిల్లు ఒకటి తీసి, అందలి సీట్ల సంఖ్యను ఆఫీసులో నేడు పనిచేయుచున్నవారి సంఖ్యతో పోల్చి చూడుడు. రెండును సరిపోయిన సంతోషము. సరిపోకున్న, రెన్యూయల్ తేదీని గోడమీది క్యాలెండరులో నేడే గుర్తు పెట్టుకొనవలెనని సభ్య సంఘములకు మా మనవి.